ముడులు విప్పే గంట

ముప్పై ఒక్కమంది పిల్లల చెవుల పక్కన ముప్పై ఒక్క పూసలు ఒకేసారి వెలిగాయి. గది వెనక గోడకి ఆనుకుని నిలబడ్డ డాక్టర్ భ్రమరాంబ చప్పున కిటికీ వైపు తిరిగింది, తడిసిన కళ్ళు ఎవరి కంటా పడకుండా.

బయట అచ్చులపాలెం తన పనిలో తాను ఉంది. చీరాలకి అయిదు మైళ్ళ దూరంలో, ఇంటికో మగ్గం ఉన్న ఊరు. నాడె అటు పోయి ఇటు వచ్చే చప్పుడు తెల్లారింది మొదలు వీధిని వదలదు. లోపల నాలుగో తరగతి పిల్లలు పుస్తకాల మీదికి వంగి ఉన్నారు. ఒక్కొక్కరి నుదుటికీ ఒక బట్టపట్టీ, దాని చివర మినపగింజంత పూస. చదువుతున్న వాక్యం బుర్రకెక్కితే పూస వెలుగుతుంది. ఎక్కక కన్ను తడబడితే మసకబారుతుంది. ఆ క్షణంలోనే పట్టీ నుదుటి మీద ఈగ వాలినంత సన్నటి అదురు పంపుతుంది. ఆ అదురుతో మనసు చుట్టుపక్కల మాటల్లోంచి సరిపడే అర్థాన్ని ఏరుకుని, తెగిన చోటు పూడ్చుకుంటుంది. పూస మళ్ళీ వెలుగుతుంది. తను తడబడ్డానని కూడా పిల్లకి తెలియదు.

విశాఖపట్నంలోని ప్రయోగశాలలో భ్రమరాంబకి అందుకు పదకొండేళ్ళు పట్టింది. కాగితాల మీద దాని పేరు ఊతపట్టీ. పిల్లలు మొదటిరోజే మిణుగురుపట్టీ అన్నారు. ఆ పేరే నిలిచిపోయింది.

"ఈశ్వరీ, నువ్వు లేచి చెప్పమ్మా" అన్నారు ఏసుపాదం మాస్టారు. "వాన పడితే ఉప్పుమడుల వాళ్ళు ఎందుకు ఏడుస్తారు? పాఠంలో ఆ సంగతి రాయలేదు. నువ్వు చెప్పాలి."

ఈశ్వరి లేచింది. తొమ్మిదేళ్ళ పిల్ల. నెల కిందటి దాకా ఒక్కో అక్షరాన్నీ వేలితో పొడుచుకుంటూ చదివేది.

"ఎండితేనే గదా సార్ ఉప్పయ్యేది. వాన పడితే మళ్ళీ సముద్రమే" అంది.

మాస్టారు నవ్వారు. భ్రమరాంబ నోటుపుస్తకంలో ఆ మాట రాసుకుని కింద రెండు గీతలు గీసింది. తన పేరు అచ్చులో మొదటిసారి చూసుకున్నప్పుడు కూడా ఆమెకి ఇంత గర్వం కలగలేదు. ఎందుకంటే అప్పటి గర్వం ఆమె ఒక్కదానిది. ఇది ఆమె లోపల ఎప్పట్నుంచో తలవంచుకు నిలబడి ఉన్న ఒక చిన్నపిల్లది.

ఆ పిల్ల మూడో తరగతి భ్రమరాంబ. ఆ పిల్లకి నాలుగు రకాలుగా తల ఊపడం వచ్చు. మెల్లగా ఒకసారి ఊపితే ఆలోచించి అర్థం చేసుకున్నట్టు. గబగబా రెండుసార్లయితే ఇది నాకు ముందే తెలుసన్నట్టు. కనుబొమలు ఎత్తి ఊపితే ఎంత బాగుందో అన్నట్టు. కళ్ళు వాల్చి ఊపితే దయచేసి నన్ను అడక్కండి అని. "అర్థమయిందా?" అని టీచరు అడగడం, "అయిందండీ" అని తరగతి మొత్తం పాడడం, ఆ పాటలో తన గొంతు కలపడం. దీపస్తంభం కాపలావాడి పాఠం ఒకటుండేది. తుఫాను రాత్రి ఓడ క్షేమంగా ఒడ్డు చేరాక అతను దీపం ముందు కూర్చుని ఏడుస్తాడు. ఎందుకేడ్చాడో ఆమెకి తెలియలేదు. అడగలేదు. పెద్ద చదువులు చదివింది, మనసుల గురించి పుస్తకం రాసింది, అయినా ఎక్కడో అతను ఇంకా ఏడుస్తూనే ఉన్నాడు. తెలియలేదని చెప్పుకోవలసిన అవమానం ఏ పిల్లకీ రాకూడదని కదా తను ఈ పట్టీ కుట్టింది.

*

ఏసుపాదం మాస్టారి పద్ధతి వేరు. అది ముప్పయ్యేళ్ళ నాటిది.

తరగతి గోడకి ఒక మేకు, మేకుకి మగ్గాల దగ్గర తెగి పారేసిన దారపు పోగులు. పొద్దున బడికి రాగానే ప్రతివాళ్ళూ మూరెడు దారం తెంపుకోవాలి. చదువుతూ ఉంటే అర్థం ఎక్కడ తెగిపోతే అక్కడ దారానికొక ముడి వేసి ముందుకి పోవాలి. సాయంత్రం ఆఖరి పీరియడు పేరు ముడులు విప్పే గంట. ఒక్కో ముడీ పట్టుకుని వెనక వాక్యానికి వెళ్ళి చూసేవాళ్ళు. ముందేం జరుగుతుందో ఊహించేవాళ్ళు. కళ్ళు మూసుకుని ఆ కథలోకి వెళ్ళి నిలబడేవాళ్ళు. అప్పటికీ తెలియకపోతే అందరినీ అడిగేవాళ్ళు. తెలిసింది అనుకున్నాక సొంత మాటల్లో పక్కవాడికి చెప్పాలి. పక్కవాడు సరేనంటేనే ముడి విప్పాలి. ఆ రోజు ఎవరి దారానికి ఎక్కువ ముడులుంటే వాళ్ళు మాస్టారి కుర్చీలో కూర్చుని ఆ గంట నడపాలి.

మొదటిరోజు అది చూసి భ్రమరాంబకి ఒళ్ళు జలదరించింది. తెలియనితనాన్ని దారానికి గుచ్చి పదిమందిలో వేలాడదీయడమా అనుకుంది. ఆ కుర్చీ ఎందుకో మాత్రం ఆమె ఆలోచించలేదు.

మొదటి నెలాఖరున మాస్టారు ముప్పై ఒక్క దారాలు తెచ్చి బల్ల మీద పరిచారు.

"చూశారా మేడం, ఇస్త్రీ చేసినట్టున్నాయి. ఒక్క ముడి లేదు."

"మంచిదేగా మాస్టారూ?"

"మంచిదేనమ్మా, కాదని ఎవరంటారు? మీ మిణుగురులొచ్చాక పిల్లలు నది పారినట్టు చదువుతున్నారు." ఆయన ఒక దారాన్ని వెలుతురుకి ఎత్తి చూశారు. "నేను బైబిలు నలభయ్యేళ్ళ నుంచి చదువుతున్నా. నా దారం ఒక్కరోజు కూడా ఇంత నున్నగా లేదు. అందుకని అడుగుతున్నా, అంతే."

ఆమె మెల్లగా ఒకసారి తల ఊపింది.

రెండో నెలాఖరుకి పట్టీలు తీసేశారు. అసలు పరీక్ష అదే. ఊతకర్ర తీశాక నడవగలిగితేనే కాలు బాగయినట్టు. పిల్లలు నడవడం కాదు, పరుగెత్తారు. కొత్త పాఠాలు ఇచ్చినా ఆగకుండా చదివారు, అడిగిన ప్రతి ప్రశ్నకీ జవాబిచ్చారు. మనసు ఆ అలవాటు నేర్చుకుంది, ఇక పూసతో పనిలేదు. విశాఖ నుంచి ప్రయోగశాల డైరెక్టర్ చిదంబరం ఫోన్ చేసి, "రాష్ట్రంలో ప్రతి ప్రాథమిక పాఠశాలకీ ఇవ్వాలని చూస్తున్నారు భ్రమరాంబా. నాలుగో నెలలో విద్యాశాఖ కార్యదర్శి గారే స్వయంగా వస్తారు. నివేదిక సిద్ధం చేసుకో" అన్నాడు.

ఆ సాయంత్రం ఆమె ఈశ్వరి ఇంటికి వెళ్ళింది. తల్లి నాగరత్నం గుంటలో కాళ్ళు పెట్టుకుని మగ్గం మీద ఉంది. తండ్రి చీరాలలో మిల్లు పనికి పోతాడు.

"రండి మేడం, కూచోండి. మా పిల్ల చదివిద్దండీ!" అంది నాగరత్నం, ఎవరూ నమ్మని సంగతి చెబుతున్నట్టు. "బస్సు మీద రాతలు, గోడల మీద రాతలు, మందుసీసా మీద చీమల్లాంటి రాతలు, ఒక్కటి వదలటంలా. మా వంశంలో చదివిన ఆడది ఇదేనండీ. నిన్న వాళ్ళ నాయన్ని కూచోబెట్టి పేపరంతా చదివింది. ఆయన సగంలో నిద్రపోయాడనుకోండి, అది వేరే సంగతి."

"అమ్మా!" అంది ఈశ్వరి సిగ్గుపడి.

నాగరత్నం నవ్వుతూనే చటుక్కున చెయ్యి ఆపింది. వందల పోగుల్లోంచి ఒకదాన్ని వెతికి పట్టుకుని, గోటితో మెలిపెట్టి అతికి, మళ్ళీ నాడె వేసింది. భ్రమరాంబకి ఏమీ కనపడలేదు.

"తెగిందని ఎట్లా తెలిసింది?"

"చెవికి తెలిసిద్ది. పోగు తెగితే మగ్గం పాట మారిద్ది. అప్పుడు ఆగాల. ఆగకపోయినా నేత సాగుద్ది మేడం, అదే తంటా. మూరెడు పోయాక చూసుకుంటే గుడ్డలో పోగు లేని దారి పడి ఉంటది."

భ్రమరాంబ ఆ మాట కూడా రాసుకుంది. కింద గీత గీయలేదు.

*

మూడో నెలలో ఒక మంగళవారం, విశాఖలో ఉండగా మాస్టారి దగ్గర్నుంచి ఫోను.

"ఈశ్వరి వాళ్ళమ్మ చెయ్యి కాలిందమ్మా. మీరొకసారి రావాలి."

"నేనా?"

"అవునమ్మా. మీరే."

ఆమె వెళ్ళేసరికి మగ్గం ఆగి ఉంది. ఆ ఇంట్లో నిశ్శబ్దం అంత పెద్దదిగా ఉంటుందని ఆమె అనుకోలేదు. నాగరత్నం కుడిచెయ్యి మోచేతి దాకా కట్టుతో మంచం మీద ఒరిగి ఉంది. చెయ్యి దక్కుతుందని, రెండు వేళ్ళు మాత్రం మునుపటిలా వంగవని ఆసుపత్రిలో చెప్పారు. ఈశ్వరి మగ్గం గుంటలో దిగి మోకాళ్ళలో తల పెట్టుకుని కూర్చుంది.

సంగతి చిన్నదే. నూలుకి రంగు వేయడానికి ఎప్పుడూ వచ్చే మనిషిని ఈసారి నాగరత్నం రావద్దంది. కొత్తగా వచ్చిన రంగుపొడి పొట్లంలో ఎలా కలపాలో చెప్పే కాగితం ఉంటుంది కదా, ఇంట్లో చదివే పిల్ల ఉండగా ఇంకొకరెందుకు అని ఆమె ధీమా. పిల్ల చదివింది. తల్లి అలాగే చేసింది. రంగు పట్టడానికి కలిపే కాస్టిక్ సోడాని కొంచెం కొంచెంగా నీళ్ళలో వేయాలి. నాగరత్నం గిన్నెలో సోడా పోసి, దాని మీద వేడినీళ్ళు పోసింది. అది ఒక్కసారిగా పొంగి చేతి మీద చిమ్మింది.

"నేను కాయితంలో ఉందే చదివా మేడం" అంది ఈశ్వరి తల ఎత్తకుండా. "ఒట్టు. ముందర సోడా, దాని మీద వేడినీళ్ళు అనే ఉంది."

కాగితం గూట్లో ఉంది. భ్రమరాంబ దాన్ని విప్పింది. పొట్లం కట్టేటప్పుడే ఎవరి తడిచెయ్యో తగిలి మూడో వరుస మీద వేలెడు నీలి మరక. మరకకి ఇటు చివర సోడా అన్న మాట, అటు చివర వేడినీళ్ళు అన్న మాట. మధ్యలో ఏమీ లేదు.

"చదువమ్మా" అంది ఆమె.

ఈశ్వరి వేలు పెట్టి చదివింది. మొదటి వరుస, రెండో వరుస, మూడో వరుస. వేలు మరక మీదికి వచ్చింది. ఆగలేదు. గొంతు తొట్రుపడలేదు. అక్కడ లేని వాక్యాన్ని, అచ్చువేసినట్టు సలక్షణంగా చదివి, నాలుగో వరుసలోకి జారుకుంది.

ఆ పిల్ల అబద్ధం ఆడటం లేదు. అది భ్రమరాంబకి తెలుస్తూనే ఉంది. అబద్ధమైతే సులువుగా ఉండేది.

"దాన్నేం అనబాకండి మేడం" అంది నాగరత్నం మంచం మీది నుంచి. నొప్పితో పళ్ళు బిగించిన ఆ మొహంలో కూడా గర్వం ఇంకా ఆరలేదు. "ఎంత బాగా చదివిందనుకున్నారు! ఒక్కచోటంటే ఒక్కచోట ఆగలా."

*

మరునాడు బడిలో ఆమె ముప్పై ఒక్కమందికీ ఒక కథ ఇచ్చింది. అందులో ఒక మేక తప్పిపోతుంది, ఆఖర్న దొరుకుతుంది. ఎలా దొరికిందో చెప్పే మూడు వాక్యాలు ఆమె కావాలనే తీసేసి, అక్కడ తెల్లటి ఖాళీ ఉంచింది. పట్టీలు లేవు. పిల్లలు చదివి, ఒక్కొక్కరే వచ్చి కథ చెప్పారు. మేకని పోలీసులు పట్టుకున్నారన్నాడు ఒకడు. తాత ఈల వేస్తే వచ్చిందంది ఒక పిల్ల. బావిలో అరుపు వినపడిందన్నాడు మరొకడు. ముప్పై ఒక్క మేకలు ముప్పై ఒక్క దారుల్లో ఇంటికొచ్చాయి. కాగితంలో ఖాళీ ఉందని చెప్పినవాళ్ళు ఒక్కరూ లేరు. చూపిస్తే అందరూ నవ్వారు, ఖాళీని ఆమే ఇప్పుడు గీకి తెచ్చిందనుకుని.

భ్రమరాంబ ఒంటరిగా చెట్టు కింద కూర్చుని లెక్క తేల్చుకుంది. తను అవమానాన్ని తీసేద్దామనుకుంది. కానీ ఆ అవమానం వేళ్ళు ఎక్కడున్నాయో చూసుకోలేదు. నాకు తెలియలేదన్న ఎరుక మీదే అది మొలుస్తుంది. కలుపు పీకబోయి మొక్కని పీకింది. తను చిన్నప్పుడు తల ఊపినప్పుడు కనీసం అది ఊపడమని తనకి తెలుసు. ఈ పిల్లలు లోపల కూడా తల ఊపుతున్నారు.

చిదంబరానికి ఫోన్ చేసి అంతా చెప్పింది. అతను చాలాసేపు విన్నాడు.

"ప్రమాదం ఇంట్లో జరిగింది, బడిలో కాదు. ఆ టైముకి పిల్ల నుదుట పట్టీ కూడా లేదు. నివేదికలో దానికి చోటెక్కడ చెప్పు? లోపముంటే సరిచేద్దాం, ఎవరు వద్దన్నారు? ముందు అనుమతి రానీ. పదకొండేళ్ళ పని భ్రమరాంబా. మూడో నెల ఊసెత్తకు. అర్థమయిందిగా?"

ఆమె కళ్ళు వాల్చి తల ఊపింది. ఫోనులో అది అతనికి కనపడదని తర్వాత గుర్తొచ్చింది. కనపడక్కర్లేదు. అతను ఆమె మౌనాన్ని తనకి కావలసినట్టు పూడ్చుకున్నాడు.

*

పట్టీలన్నీ ట్రంకుపెట్టెలో పెట్టి తాళం వేసింది. మాస్టారింటి మేడ మీద గది తీసుకుని అక్కడే ఉండిపోయింది. మళ్ళీ మొదట్నుంచీ నేర్పాలి. ఈసారి చదవడం కాదు, ఆగడం.

"దారాలు తీసుకోండిరా" అన్నారు మాస్టారు.

"ముడి ఎక్కడెయ్యాలి సార్?" అన్నాడు మార్కండేయులు. "అర్థం కాకపోతేగా!" తరగతంతా పకపకా నవ్వింది.

మాస్టారు చెప్పడం మానేసి చేసి చూపించారు. పిల్లల ముందు తానే పాఠం గట్టిగా చదువుతూ, నడుమ నుదురు రుద్దుకుని, "ఆగండాగండి, నాకిక్కడ తెగింది. వీడు ఇందాక కోపంగా ఉన్నాడా లేదా? ఇప్పుడెందుకు నవ్వుతున్నాడు?" అని జేబులోంచి తన దారం తీసి ముడి వేసేవారు. పెద్దాయన ముడి వేస్తే పిల్లలకి వేడుక. "సార్‌కి తెలవదంట్రోయ్!" అని అరిచేవాళ్ళు. ఆయన కుర్చీలో దర్జాగా కూర్చుని, "నావి అయిదు ముడులు. మీకెవరికైనా ఉన్నాయా ఇంత ఆస్తి?" అనేవారు. భ్రమరాంబ ఖాళీలు పెట్టిన కథలు, తలాతోకా మార్చిన కథలు రాసి ఇచ్చేది. ఆ కుర్చీ ఎందుకో అప్పటికి ఆమెకి తెలిసింది. తెలియనితనాన్ని అవమానం నుంచి విడదీయడానికి ఆమె పదకొండేళ్ళు యంత్రం వెతికింది. ఆయన ఒక కుర్చీతో ఆ పని చేశారు.

రెండు వారాలకి మార్కండేయులు మొదటి ముడి వేశాడు. వాడు ఆ రోజంతా దారం మెళ్ళో వేసుకు తిరిగాడు. మూడో వారానికి పద్దెనిమిది దారాలకి ముడులు పడ్డాయి. అయిదో వారానికి ముప్పైకి పడ్డాయి.

ఈశ్వరి దారం ఒక్కటే నున్నగా ఉండిపోయింది.

"నాకన్నీ అర్థమైపోతన్నయ్ సార్" అని ఏడ్చేది. "నేనేం చెయ్యను?" ఇంట్లో చదవడం పూర్తిగా మానేసింది. అమ్మ మందుసీసా చేతికిస్తే చూడకుండా వెనక్కి ఇచ్చేసేది. ఆ పిల్లకి ఒక్క ముడి పడకపోతే తన బతుకులో చేసిన మిగతా పనులన్నీ ఏమవుతాయో భ్రమరాంబకి తెలుసు. ఎవరికీ చెప్పలేదు.

నాగరత్నం మగ్గం మీద ఇప్పుడు ఆమె తోటికోడలు నేస్తోంది. నాగరత్నం బిడ్డని పక్కన కూర్చోబెట్టుకుని, "కళ్ళు మూసుకుని విను. పాట మారినప్పుడు చెప్పు" అనేది. ఈశ్వరి మారనప్పుడు మారిందనేది, మారినప్పుడు ఊరుకునేది. "పర్లేదులే, మళ్ళీ విను" అనేది తల్లి, వంగని వేళ్ళతో బిడ్డ తల నిమురుతూ.

*

కార్యదర్శి గారు వచ్చిన రోజు బడికి తోరణాలు కట్టారు. ఆవిడ నెరిసిన జుట్టు పెద్దమనిషి, నిదానంగా మాట్లాడుతుంది. వెంట ఇద్దరు అధికారులు, డైరెక్టర్ చిదంబరం. పిల్లలు నేల మీద వరసల్లో, ఒళ్ళో దారాలతో. గోడ వారగా తల్లులు. మాస్టారు గుమ్మం దగ్గర.

భ్రమరాంబ లేచి నివేదిక అందుకుంది. ముందు రాత్రి ఆమె దాన్ని రెండు రకాలుగా రాసి, ఒకటి చింపేసింది. చింపింది ఏదో చేతికి తెలుసు, మనసు మాత్రం చూడనట్టు పక్కకి తిరిగింది.

"మొదటి నెలలో ముప్పై ఒక్కమంది విద్యార్థులకి ఊతపట్టీలు అమర్చాం" అని చదివింది. "రెండో నెలాఖరుకి పఠన వేగం మూడు రెట్లయింది. అప్పుడు పట్టీలు తొలగించాం. అయినా ప్రగతి తగ్గలేదు. నాలుగో నెల నుంచి ఉపాధ్యాయుల కోసం కొత్త పాఠాలు తయారు చేస్తున్నాం."

తల ఎత్తి చూసింది. ఒక అధికారి మెల్లగా ఒకసారి తల ఊపాడు. రెండో అతను గబగబా రెండుసార్లు. చిదంబరం కనుబొమలు ఎత్తి ఊపాడు. ఆ ఊపులన్నీ ఆమెకి తోబుట్టువులు. ఎవరి చూపూ ఎక్కడా ఆగలేదు. మరక మీద జారిన వేలిలా జారి అవతలికి వెళ్ళిపోయాయి. వీళ్ళలో ఒక్కరి నుదుటికీ పట్టీ లేదు కదా అనుకుందామె.

"మేడం."

సన్నటి గొంతు. మూడో వరసలో ఈశ్వరి నిలబడి ఉంది. రెండు వేళ్ళ మధ్య దారం.

"మేడం, నాకు ముడి పడింది."

"తర్వాతమ్మా, తర్వాత" అన్నాడు చిదంబరం నవ్వుతూ. "పెద్దవాళ్ళు మాట్లాడుతున్నారుగా?"

"ఈ బడిలో ముడి పడితే ఆగాలండీ" అన్నారు మాస్టారు గుమ్మం దగ్గర్నుంచి, చేతులు కట్టుకునే. "ఎవరైనా సరే. మా పద్ధతి అది."

కార్యదర్శి గారు కళ్ళజోడు తీసి, "చెప్పమ్మా" అంది.

ఈశ్వరి ఒక్కో మాటా చేత్తో తడిమి చూసుకుంటున్నట్టు చెప్పింది. "రెండో నెలాఖరుకి పట్టీలు తీసేశారని చదివారు. తర్వాత నాలుగో నెల అన్నారు. మూడో నెల నాకు వినపళ్ళా." దారం ఎత్తి చూపించింది. "నేను వినలేదా, మీరు చదవలేదా?"

వీధిలో ఎక్కడో మగ్గం ఆడుతోంది.

ఆ క్షణంలో భ్రమరాంబకి భయం వేయవలసింది. చిదంబరం మొహం చూస్తే తన పదకొండేళ్ళు ఏమవుతాయో తెలుస్తూనే ఉంది. కానీ లోపల్నుంచి ఉబికి వచ్చింది భయం కాదు. మూడో నెల ఏమయిందో ఈ గదిలో అందరికంటే బాగా తెలిసిన పిల్ల అది. తనకి తెలిసిన దానితో ఆ ఖాళీని పూడ్చుకుని హాయిగా కూర్చోవచ్చు. పూడ్చుకోలేదు. పాట మారడం వింది. తను విన్నదీ తనకి తెలిసిందీ వేరని పట్టుకుంది. తప్పు తనలో ఉందో, చదివేవాళ్ళలో ఉందో అడగడానికి లేచింది. ఇంత పెద్దవాళ్ళ ముందు. ముప్పై ఒక్క పూసలు వెలిగిన రోజున తను పడ్డ గర్వం దీని ముందు మిణుగురే.

"అర్థమయ్యే ఉంటుందిలే, కూర్చో" అన్నాడు చిదంబరం. "అవునా భ్రమరాంబా?"

భ్రమరాంబ తల అడ్డంగా ఊపింది. ఆ ఊపు ఆమెకి కొత్త. మెడ పట్టేసినట్టనిపించింది.

"నేను చదవలేదమ్మా" అంది. "నువ్వు సరిగ్గానే విన్నావు. అక్కడ ఒక నెల లేదు. ఎందుకు లేదో ఇప్పుడు చెబుతాను."

కాగితం మడిచి బల్ల మీద పెట్టి చెప్పింది. నీలి మరక, వేడినీళ్ళు, రెండు వేళ్ళు, ముప్పై ఒక్క మేకలు. ఒక్కటీ దాచలేదు. నాగరత్నం గోడ వారన కూర్చుని, ఎవరూ అడగకుండానే కుడిచెయ్యి కొంగులోంచి బయటికి తీసి ఒళ్ళో పెట్టుకుంది.

అంతా విన్నాక కార్యదర్శి గారు దస్త్రం మూసింది. "ఈ పట్టీ ఏ బడికీ వెళ్ళదు" అంది. "నాకు కూడా అక్కడ అనుమానం రాలేదు సుమండీ." తర్వాత మేకు వైపు చూసి, "ఈ దారాల సంగతి నాకు వివరంగా రాసి పంపండి. ఇద్దరూ కలిసి రాయండి" అంది. చిదంబరం టీ తాగకుండానే కారెక్కాడు.

*

ఆ సాయంత్రం బడి నుంచి ఎవరూ ఇంటికి పోలేదు. ఆఖరి గంట ఇంకా మిగిలే ఉంది.

నాగరత్నం లోపలికొచ్చి బిడ్డ చేతిలోని దారం ఎడమచేత్తో అందుకుంది. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, గోటితో ముడిని గీకి, లాగి చూసింది.

"చూడండి మేడం. మామూలు ముడి కాదు, నేత ముడి ఏసింది. మగ్గం పక్కన కూచోబెట్టింది దండగ కాలా." ముడి మీద వేలు మరోసారి పోనిచ్చింది. "మా అత్త కూడా ఇంత సన్నగా ఏసేది కాదు. ఇది జారదు."

"తెలిసిపోయిందిగా సార్, విప్పెయ్యనా?" అంది ఈశ్వరి.

"నేత ముడి విప్పుతారటే పిచ్చిదానా! అది గుడ్డలోనే ఉండాల" అంది తల్లి.

మాస్టారు ముడి వైపు వంగి చూశారు. ముప్పయ్యేళ్ళలో ఇలాంటి చిక్కు ఆయనకి రాలేదు. "సరే, ఉండనీ" అన్నారు. "ఒకటే అయినా ఇవాళ్టికి ఇదే పెద్దది. ఎక్కమ్మా కుర్చీ."

ఈశ్వరి కుర్చీ ఎక్కింది. కాళ్ళు నేలకి అందలేదు. గొంతు సవరించుకుని, అచ్చం మాస్టారిలా కళ్ళు చిట్లించి గదంతా కలయజూసింది.

"ఇంకెవరికన్నా ముడులున్నయ్యా?"

వెనక గోడకి ఆనుకుని ఉన్న భ్రమరాంబ మేకు దగ్గరికి నడిచింది. మూరెడు దారం తెంపుకుంది. ముడి వేయడం ఆమెకి సరిగా రాలేదు. లావుగా, వంకరగా పడింది. దాన్ని పట్టుకునే చెయ్యెత్తింది.

"చెప్పండి మేడం" అంది ఈశ్వరి.

"నాది పాతది. మూడో తరగతిది" అంది భ్రమరాంబ. "ఒక దీపస్తంభం ఉంటుంది. దానికి ఒక కాపలావాడు..."

పిల్లలు ఆమె చుట్టూ జరిగి కూర్చున్నారు.